ఒక క్రియాపదం మీద పదకొండు అభ్యంతరాలు

నరహంతకులు దేనికి భయపడతారో మీకు తెలుసా? తుపాకులకా? అవి వాళ్ళ దగ్గరే ఎక్కువున్నాయి. జైళ్ళకా? కట్టించిందే వాళ్ళు! వాళ్ళకి కాళ్ళూ చేతులూ చల్లబడేది ఒక్కదాని పేరు చెబితేనే. అదే కాన్ఫరెన్సు తీర్మానం!

నవ్వకండి. నేను అనుభవం మీద చెబుతున్నాను. అంతర్జాతీయ నేర న్యాయ కాన్ఫరెన్సు హాల్లో గోడంత తెర ఒకటి ఉంటుంది. దాని మీద తీర్మానం ముసాయిదా కనబడుతూ ఉంటుంది. ప్రతినిధులు "ఆ మాట తీసెయ్యండి, ఈ మాట పెట్టండి" అంటూ ఉంటారు. కింద మూలన కూర్చుని తీసేదీ పెట్టేదీ నేను. ఆరేళ్ళుగా ఈ ప్రపంచంలో జరిగిన ఘోరాలన్నీ నా వేళ్ళ మీదుగానే వెళ్ళాయి. నా కీబోర్డులో మిగతా అక్షరాలన్నీ కొత్తవిలా మెరుస్తున్నాయి గానీ చెరిపే కీ మాత్రం అరిగి గుంటపడింది. మానవజాతి ఎంత ముందుకెళ్ళిందో దాన్నిబట్టి మీరే లెక్కేసుకోండి.

అసలు అంతర్జాతీయ నేర చట్టం ఎలా పుడుతుందో చాలామందికి తెలీదు. ఎవరో మేధావులు కూర్చుని రాస్తారనుకుంటారు. పాపం అమాయకులు! ముందు ఒక కాన్ఫరెన్సు ఒక మాట అంటుంది. మరుసటి ఏడాది ఇంకో కాన్ఫరెన్సు "గతంలో అన్న మాటను గుర్తుచేసుకుంటూ" మళ్ళీ అదే అంటుంది. ఒక ప్రొఫెసరుగారు ఈ రెండూ చూసి "ప్రపంచమంతా ముక్తకంఠంతో ఇదే అంటోంది" అని పుస్తకం రాస్తారు. ఒక జడ్జిగారు ఆ పుస్తకం చూసి తీర్పు రాస్తారు. మూడో కాన్ఫరెన్సు ఆ తీర్పును హర్షిస్తూ తీర్మానిస్తుంది. అయిపోయింది, చట్టం! మా పై వాటాలో ఉండే అమ్మాయికి పెళ్ళి కుదిరిందన్న కబురు కూడా అచ్చం ఇలాగే పుట్టింది. చివరికి ఆ అమ్మాయే నమ్మేసి, "ఇంతకీ అబ్బాయెవరండీ?" అని మా అమ్మని అడిగింది.

తీర్మానంలో ప్రాణమంతా క్రియాపదంలో ఉంటుంది. వాటికి మెట్లున్నాయి. ఒక ఊరు తగలబెట్టారనుకోండి, తీర్మానం "గమనిస్తుంది". రెండూళ్ళయితే "ఆందోళనతో గమనిస్తుంది". పది ఊళ్ళయితే "తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తుంది". ఇక తగలబెట్టడానికి ఊళ్ళే మిగల్లేదనుకోండి, "అత్యంత తీవ్రమైన ఆందోళనను మరొక్కసారి వ్యక్తం చేస్తుంది". ఆపైన మెట్టు లేదు కాబట్టి అందరూ కాఫీకి లేస్తారు. "ఖండించడం" అనే మాట కూడా ఉంది. ఉందంటే ఉంది. దాన్ని బయటికి తియ్యాలంటే ఖండించబోయేవారి అనుమతి ముందుగా తీసుకోవాలి. అడక్కుండా ఖండిస్తే ఏం మర్యాదండీ?

మా హాల్లో ఒక పెద్ద లాయరుగారున్నారు. మనసులో నేనాయన్ని కామా తాతయ్య అంటాను. "చిత్రహింసలు హత్యలు" అన్న రెండు మాటల మధ్య కామా ఉండాలా వద్దా అని ఆయన ఒకసారి రెండు రోజులు వాదించారు. కామా ఉంటే రెండు నేరాలట. లేకపోతే ఒక్కటేనట. ఈ రెండు రోజుల్లోనూ ఎక్కడో ఎవరో ఆ రెండు పనులూ కామా కోసం ఆగకుండా చేసుకుంటూ పోతూనే ఉన్నారు. కానీ వాళ్ళకి తెలీదు, ఇక్కడ తాతయ్య వాళ్ళకి ఎంత గడ్డుకాలం తెచ్చిపెడుతున్నాడో!

"ఇవన్నీ కాగితాల మీద మాటలేగా" అని మీరంటారు. అనండి. తీర్మానానికి శక్తి ఉందని నా దగ్గర రుజువుంది. ఆ రుజువు నా చేతి పనే కాబట్టి ఒప్పేసుకుంటున్నాను.

మూడేళ్ళ కిందట ఒకరోజు భోజనాల తర్వాత హాలంతా గురక పెడుతోంది. తెర మీద నలభై రెండు పేరాల తీర్మానం. నాకు చేతులు దురదపెట్టాయి. ముప్ఫై ఒకటో పేరాగా ఇలా కొట్టాను: "గట్టి కుర్చీలు మానవ నడుముకు కలిగిస్తున్న హానిని తీవ్ర ఆందోళనతో గమనిస్తూ." ఎవరైనా చూసి తిడతారేమోనని ఎదురుచూశాను. చప్పట్లు కొట్టి ఆమోదించారు! మరుసటి ఏడాది కాన్ఫరెన్సు దాన్ని "గుర్తుచేసుకుంది". ఒక ప్రొఫెసరుగారు "కూర్చునే హక్కు: ఒక నూతన దృక్పథం" అని నాలుగొందల పేజీలు రాశారు. ఏడు పట్టణాల్ని నేలమట్టం చేసిన ఒక సైన్యాధిపతి మీద కేసు నడుస్తుంటే, ఆయన లాయరు ఆ పుస్తకం ఎత్తి చూపించి, మెత్త కుర్చీ వచ్చేదాకా విచారణ ఆపించాడు. అయిదు వారాలు! ఇప్పుడు ముద్దాయిలందరికీ మెత్త కుర్చీలే. సాక్షులకి మాత్రం పాత చెక్క బల్ల. వాళ్ళ నడుముల సంగతి రాయడం మర్చిపోయాను. తప్పు నాదే.

ఈ ఘనకార్యం మా పిన్నికి చెప్పాను. పిన్ని కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తుంది. పడీపడీ నవ్వుతుందనుకున్నాను. చేతిలో అద్దాన్ని వెలుగుకి పెట్టి చూస్తూ, "ఏరా, దొంగవెధవల పిర్రలకి మెత్తలొచ్చాయి. మీ బాబాయికి ఒక్క మాట రాదట్రా?" అంది.

మా బాబాయ్ సంగతి చెప్పాలి. ఆయన లిఫ్టులు బాగుచేసేవాడు. తొమ్మిదేళ్ళ కిందట ఒక ప్రభుత్వ భవనంలో లిఫ్టు మొరాయిస్తోందని పిలిస్తే వెళ్ళాడు. ఇంటికొచ్చి భోంచేస్తూ, "ఆ లిఫ్టులో బటన్లు అయిదే ఉన్నాయే. తీగ చూస్తే ఆరంతస్తులకి సరిపోయేంత ఉంది. కిందెక్కడో ఇంకోటుంది. అక్కణ్ణించి ఎవరో తలుపు కొడుతున్నారు" అన్నాడట. మర్నాడు పొద్దున్న పదింటికి ఆయన పిన్నిని దింపుతుంటే ఆమె షాపు ముందు వ్యాను ఆగింది. నలుగురు దిగారు. బాబాయ్‌ని రెక్కలు పట్టుకుని ఎక్కించారు. పిన్ని అక్కడే ఉంది. ఎదుటి షాపువాళ్ళూ ఉన్నారు. ఎదుటి షాపువాళ్ళు ఆ తర్వాత ఆ టైముకి తాము కళ్ళు మూసుకుని ఉన్నామని చెప్పారు. అందరూ ఒకేసారి.

పిన్ని స్టేషనుకి వెళ్తే ఒక ఫారం ఇచ్చారు. పేరు: "కనిపించకుండా పోయిన వ్యక్తుల వివరాలు". ఇంట్లో గొడవలున్నాయా? లేవు. ఇల్లు వదిలి వెళ్ళడానికి కారణం? వదల్లేదు. వెళ్ళేముందు చివరిసారి ఏమన్నారు? పిన్ని "వదలండి" అని రాసింది.

రైటరుగారు అది చదివి కళ్ళజోడు సవరించుకున్నాడు. "వదలండి అన్నాడా? ఎవర్ని వదలమ్మా, సంసారాన్నా? మరి గొడవల్లేవని రాశావేం?"

చూశారా, ప్రభుత్వోద్యోగి ఎంత శ్రద్ధగా చదువుతాడో!

ఎనిమిదేళ్ళు తిరిగీ తిరిగీ పిన్ని పోయిన సంవత్సరం అంతర్జాతీయ కోర్టుకి వెళ్ళింది. అక్కడ ఫిర్యాదులు తీసుకునే గుమాస్తా మంచివాడు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి మరీ కాదన్నాడు.

"అమ్మా, మా నేరాల పట్టిక కాన్ఫరెన్సు మాటల్లోంచే తయారవుతుంది. అందులో 'కనిపించకుండా పోయిన వ్యక్తులు' అనే ఉంది. పోవడం నేరం కాదు కదమ్మా. ఎవర్ని పట్టుకోమంటారు? పోయినాయన్నా?"

"ఆయన పోలేదు నాయనా. పట్టుకుపోయారు."

"ఆ మాట తీర్మానంలో ఉంటే ఈ సొరుగులో పడేస్తానమ్మా మీ కాగితం. లేదు కాబట్టి ఆ సొరుగు." ఆ సొరుగు అంటే కిటికీ పక్కన గొడుగులు పెట్టుకునేది.

నాకు బళ్ళో వ్యాకరణం మేష్టారు గుర్తొచ్చారు. "పోవు" అకర్మక క్రియరా అనేవారు. దానికి ఒక్కడు చాలు. వాడే పోతాడు. "పట్టుకుపోవు" సకర్మక క్రియ. దానికి ఇద్దరు కావాలి, పట్టుకుపోయేవాడొకడు, పట్టుబడేవాడొకడు. అప్పుడు నాకు అర్థంకాక బెంచీ ఎక్కాను. అంతర్జాతీయ నేర చట్టమంతా ఆ బెంచీ మీదే ఉందని అప్పుడెవరూ చెప్పలేదు. నలుగురు మనుషుల్నీ ఒక వ్యానునీ ఒక అంతస్తునీ మాయం చెయ్యాలంటే పెద్ద కుట్రలేం అక్కర్లేదు. సకర్మకాన్ని అకర్మకం చేస్తే చాలు!

కాబట్టి ఈసారి కాన్ఫరెన్సులో నేను మూడంటే మూడే అక్షరాలు కలుపుదామనుకున్నాను. ప, ట్టు, కు. ఆరేళ్ళలో వీళ్ళు ఏదైనా చదవగా నేను చూడలేదు. కుర్చీల్ని చదవనివాళ్ళు క్రియల్ని చదువుతారా?

పద్నాలుగో పేరా మూడు కాన్ఫరెన్సులుగా ఒకేలా ఉంది: "కనిపించకుండా పోయిన వ్యక్తుల వివరాలను ప్రభుత్వాలు ఆలస్యం లేకుండా వెల్లడించాలి." అన్ని ప్రభుత్వాలూ సంతోషంగా వెల్లడిస్తాయి. ఎత్తు, బరువు, చొక్కా రంగు. భోజనాల తర్వాత, గురక మంచి ఊపులో ఉండగా, నేను దాన్ని ఇలా చేశాను: "కనిపించకుండా పట్టుకుపోయిన వ్యక్తుల వివరాలను ప్రభుత్వాలు ఆలస్యం లేకుండా వెల్లడించాలి."

పిన్ని ఆ రోజు పైన సందర్శకుల వరసలో కూర్చుంది. షాపుకి సెలవు పెట్టి వచ్చింది.

హాల్లో మాట్లాడాలనుకున్న ప్రతినిధి చెయ్యెత్తడు. తన ముందున్న పేరు పలకని నిలువుగా నిలబెడతాడు. అదీ పద్ధతి. నూట అరవై పలకలు హాయిగా పడుకుని ఉన్నాయి. తెర మీద పద్నాలుగో పేరా వచ్చింది. టక్కుమని ఒక పలక లేచింది. చూద్దును కదా, మా ప్రభుత్వ ప్రతినిధిది! ఆరేళ్ళుగా నేనాయన్ని కళ్ళు తెరిచి ఉండగా చూడలేదు. కునుకు మావయ్య అని పేరు పెట్టుకున్నాను. ఆయన కళ్ళు ఇంత పెద్దవని అప్పుడే తెలిసింది. ఆయన వెనకే ఇంకోటి. టక్కు, టక్కు, టక్కు. మొత్తం పదకొండు.

అధ్యక్షురాలు పెద్దావిడ. చెవిలో పెట్టుకున్న మిషను సర్దుకుని, "చెప్పండి" అంది.

"అధ్యక్షా! ఈ పేరాకి మేం ఒప్పుకోం. పట్టుకుపోయిన వ్యక్తుల పేర్లు బయటపెట్టమంటే ఎలా? వాళ్ళకి భార్యాబిడ్డలున్నారు!"

అధ్యక్షురాలి మొహం మెత్తబడింది. "నిజమేనండీ. ఆ భార్యాబిడ్డల కోసమేగా బయటపెట్టమనేది."

"అదేం న్యాయం అధ్యక్షా? రేపు వాళ్ళు వీధిలో తిరగొద్దా?"

"తిరగాలనేగా మా కోరికంతా!" కామా తాతయ్య కళ్ళు తుడుచుకున్నాడు. నూట నలభై తొమ్మిది మంది తలలూపారు. ఒక చిన్న దేశం ప్రతినిధి అయితే లేచి వచ్చి కునుకు మావయ్య భుజం నిమిరాడు.

మావయ్య ఆ చెయ్యి విదిలించుకున్నాడు. "మీకర్థం కావట్లేదు అధ్యక్షా! వాళ్ళ తప్పేం లేదు. పైనుంచి చెబితే వాళ్ళు డ్యూటీ చేశారు!"

పక్కనున్న అద్దాల గదుల్లో అనువాదకులు నోళ్ళు తెరిచి అలాగే ఉండిపోయారు.

"ఎవరండీ డ్యూటీ చేసింది?" అంది అధ్యక్షురాలు.

"ఇంకెవరు? పట్టుకుపోయిన వ్యక్తులు."

"ఇది పట్టుబడినవాళ్ళ గురించండీ."

మావయ్య తెర వంక చూశాడు. పెదాలు కదుపుతూ పేరా మొత్తం మళ్ళీ చదువుకున్నాడు. వెనకాల పది పలకలు చప్పుడు కాకుండా, ఒకదాని తర్వాత ఒకటి, మళ్ళీ పడుకోవడం మొదలెట్టాయి.

మన భాషలో ఉన్న చమత్కారం చూశారా? "పట్టుకుపోయిన వ్యక్తులు" అంటే రెండర్థాలూ వస్తాయి. పోయినవాళ్ళని తలుచుకునేవాడు చదివితే పోయినవాళ్ళు కనబడతారు. పట్టుకుపోయినవాళ్ళని తలుచుకునేవాడు చదివితే పట్టుకుపోయినవాళ్ళే కనబడతారు. ఒట్టేసి చెబుతున్నాను, నేనీ సంగతి ముందుగా ఆలోచించలేదు. నాకంత తెలివుంటే బెంచీ ఎందుకు ఎక్కుతాను?

తర్వాత జరగాల్సింది జరిగింది. కాన్ఫరెన్సులో పదకొండు పలకలు ఒకసారి లేచాయంటే, మళ్ళీ పడుకున్నా సరే, మాట నిలవదు. "భాషాపరమైన అస్పష్టత కారణంగా" నా మూడక్షరాల్నీ తీసెయ్యమన్నారు. తీసేసింది కూడా నేనే. ప, ట్టు, కు. చెరిపే కీ మూడుసార్లు నొక్కాను. బాబాయ్ మళ్ళీ తనంతట తనే కనిపించకుండా పోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అధ్యక్షురాలు నన్ను పిలిచి, "ఇది ఎలా వచ్చిందయ్యా?" అంది.

"టైపింగు పొరపాటండీ."

"మూడక్షరాలు ఒక్కసారే?"

"చేతులు జారాయండీ."

ఆవిడ నా చేతుల వంక చూసింది. నా వంక చూసింది. "జాగ్రత్తగా ఉండు బాబూ" అంది. తిట్టినట్టు లేదు.

మెట్ల దగ్గర పిన్నికి మొహం ఎలా చూపించాలా అనుకుంటూ వెళ్ళాను. పిన్ని చేతిలో చిన్న కాగితం ఉంది. దాని మీద అంకెలు వేసి పదకొండు దేశాల పేర్లు, పలకలు లేచిన వరసలో. అద్దాలు అరగదీసే కళ్ళు మరి!

"తీసేశారు పిన్నీ," అన్నాను.

"నా కళ్ళ ముందేగా. ఇది చెప్పు ముందు. వాడు 'డ్యూటీ చేశారు' అన్నాడే, అది రాసుకుంటారా ఎక్కడన్నా?"

"మాట్లాడిన ప్రతి మాటా కార్యక్రమాల రికార్డులో ఎక్కుతుంది. దాన్ని తీసెయ్యడానికి లేదు. తీర్మానాన్ని మార్చొచ్చు గానీ రికార్డుని మార్చకూడదు. రూలు."

"ఎవరూ పట్టుకుపోలేదని తొమ్మిదేళ్ళుగా చెబుతున్నార్రా నాకు. ఇవాళేమో పట్టుకుపోయినవాళ్ళకి పెళ్ళాం బిడ్డలున్నారంటున్నాడు. ఆ పేజీ నాకో కాపీ ఇయ్యి."

ఇచ్చాను. పైన గుండ్రటి ముద్ర, కింద అధ్యక్షురాలి సంతకం. మధ్యలో మా ప్రభుత్వం వారి నోటితోనే ఒక వాక్యం. వ్యాకరణం మేష్టారు చూసుంటే మురిసిపోయేవారు. వాళ్ళు, డ్యూటీ, చేశారు. కర్త, కర్మ, క్రియ. ఏదీ కనిపించకుండా పోలేదు.

నిన్న పొద్దున్న పిన్ని దాన్ని పట్టుకుని అంతర్జాతీయ కోర్టుకి వెళ్ళింది. గుమాస్తా రెండుసార్లు చదివాడట. లోపలికి వెళ్ళి ఎవర్నో తీసుకొచ్చాడట. ఆయన కూడా రెండుసార్లు చదివాడట. తర్వాత గొడుగుల సొరుగులోంచి బాబాయ్ కాగితం తీసి, దుమ్ము దులిపి, ఇంకో సొరుగులో పెట్టారట. ఏం చేస్తారో చెప్పలేదు. సొరుగైతే మారింది. పిన్ని ఇదంతా ఫోనులో చెప్పింది. తర్వాత "వాళ్ళకి మెత్త కుర్చీ వెయ్యొద్దని మాత్రం రాయరా" అంది.

కాబట్టి పాఠకులారా, తీర్మానాల్ని వెక్కిరించకండి. వాటిని ఎవరూ చదవరన్నది ఉత్త అబద్ధం. నేనూ అలాగే అనుకున్నాను. చదువుతారు, పొల్లు పోకుండా చదువుతారు. కుర్చీల గురించి ఏం రాసినా పట్టించుకోకపోవడం బద్ధకం కాదు, దాంతో వాళ్ళకి పనిలేదు. ఏ మాట తమని వేలెత్తి చూపిస్తుందో వాళ్ళకి గాఢనిద్రలోనూ తెలుసు. ఆ ఒక్క మాట చట్టంలోకి రాకుండా కాపలా కాయడానికే కదా పాపం, ఏడాదికోసారి విమానమెక్కి ఇంతదూరం వచ్చి మరీ నిద్రపోతున్నారు!

నాకూ ఇవాళ ఒక కాగితం వచ్చింది. టైపింగు పొరపాట్ల విషయమై మాట్లాడటానికి రేపు ఉదయం పదింటికి ఒక ప్రభుత్వ కార్యాలయానికి రావలెను అని ఉంది. మామూలుగా ఇలాంటి కాగితాల్లో "వచ్చి వెళ్ళవలెను" అని ఉంటుంది. వెనక్కి తిప్పి చూశాను, అటు కూడా లేదు. బహుశా టైపింగు పొరపాటేమో. భాషాపరమైన అస్పష్టత ఎవరికైనా సహజం.

వెళ్తాను. వెళ్ళడానికి నాకేం భయం లేదు, అది అకర్మక క్రియ. ఒకవేళ నేను కనిపించకుండా పోయానని మీరు ఎక్కడైనా చదివితే మాత్రం, దయచేసి ఆ మూడక్షరాలు మీరే కలుపుకోండి.